నిమ్మ లేని నిమ్మ ఉప్పు



కిరాణా కొట్టుకు వెళ్ళి నిమ్మ ఉప్పు కావాలంటే చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి చేతిలో పెడతారు. లోపల పంచదారలా మెరిసే తెల్లటి పలుకులు. కొన్ని పొట్లాల మీద నిమ్మకాయ బొమ్మ కూడా ఉంటుంది, పచ్చటి ఆకుతో సహా. రెండు పలుకులు నాలిక మీద వేసుకుంటే చాలు, కళ్ళు వాటంతట అవే మూసుకుంటాయి, అంత పులుపు. పెళ్ళి వంటవాళ్ళు వందల మందికి నిమ్మకాయ పులిహోర కలపాల్సి వచ్చినప్పుడు, అన్ని కాయలు కోసి పిండే తీరిక లేక దీన్నే నీళ్ళలో కరిగించి అన్నం మీద చల్లేస్తారు. పిల్లలు చప్పరించే పుల్ల బిళ్ళల్లో ఉండేది ఇదే. జామ్ సీసాలో ఇదే, కూల్‌డ్రింకుల్లో ఇదే. రసగుల్లాల కోసం పాలు విరగ్గొట్టేది కూడా దీంతోనే. ఇంత చాకిరీ చేసే ఈ నిమ్మ ఉప్పులో నిమ్మకాయ ఎంతుందయ్యా అంటే, బొత్తిగా లేదు. పోనీ ఉప్పా అంటే అదీ కాదు. అది సిట్రిక్ ఆమ్లం. దాన్ని తయారుచేసి పెట్టేది ఒక నల్ల బూజు.

ఆ బూజు మీకు తెలియనిదేం కాదు. వానాకాలంలో ఉల్లిపాయ ఒలుస్తుంటే ఎండు పొర కింద, ఈనెల వెంబడే, మసి రాసినట్టు నల్లటి పొడి కనిపిస్తుంది చూడండి. వేలితో తాకితే అంటుకుంటుంది. ‘ఛ, పాడైపోయింది’ అనుకుంటూ ఆ పొర తీసేసి, కడిగి, లోపలిది తరుక్కుంటాం. శాస్త్రవేత్తలు దాన్ని ఆస్పర్జిల్లస్ నైగర్ అంటారు. ఫ్యాక్టరీలో పనిచేసేది ఆ జాతిలోనే ఏరి కోరి పెంచుకున్న రకం. ఉల్లిపాయల మీద గోకి తెచ్చింది కాదులెండి.

మొదట్లో నిజంగా నిమ్మకాయల నుంచే తీసేవారు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1784లో నిమ్మరసంలోని పులుపును స్ఫటికాలుగా విడదీసి చూపించాడు. ఆ తర్వాత ఈ వ్యాపారం చాలా కాలం ఇటలీ చేతుల్లోనే ఉంది. నిమ్మరసంలో సున్నం కలిపితే పులుపంతా తెల్లగా అడుగున పేరుకుంటుంది. ఆ తెల్లపొడిని వాళ్ళు దేశదేశాలకు ఎగుమతి చేసేవారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, సరుకు రావడం కష్టమైంది. సరిగ్గా అదే రోజుల్లో, 1917లో, జేమ్స్ కరీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ నల్ల బూజును చక్కెర నీళ్ళలో పెంచి చూశాడు. బూజు చక్కెర తిని సిట్రిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతోంది. పైగా ఆ నీళ్ళు ముందే బాగా పుల్లగా ఉంటే ఇంకా ఎక్కువ వదులుతోంది! 1919కల్లా బ్రూక్లిన్‌లో ఫైజర్ కంపెనీ ఈ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. అవును, కరోనా టీకా తెచ్చిన ఆ ఫైజరే. బూజుల్ని పెద్ద పెద్ద తొట్లలో పెంచడం అక్కడే వాళ్ళకు బాగా చేయి తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున చేసి ఇవ్వగలిగారంటే, ఆ పాత పులుపు అనుభవం వల్లే.

ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏటా 20 లక్షల టన్నులకు పైగా సిట్రిక్ ఆమ్లం తయారవుతోంది. సింహభాగం చైనాది. బూజుకు పెట్టే మేత చెరకు మొలాసిస్సో, మొక్కజొన్న పిండి నుంచి తీసిన చక్కెరో. పని అయ్యాక బూజును వడకట్టేసి, ఆమ్లాన్ని శుద్ధి చేసి, ఆరబెట్టి పలుకులు కట్టిస్తారు.

మరి ఇది మోసమా? రసాయన శాస్త్రం లెక్కలో కాదు. నిమ్మకాయలో ఉన్న సిట్రిక్ ఆమ్లానికీ, బూజు చేసిన సిట్రిక్ ఆమ్లానికీ ఏ తేడా లేదు. నిమ్మరసంలో ఇది నూటికి ఐదారు పాళ్ళుంటుంది, పొట్లంలో దాదాపు అంతా అదే. తేడా ఉన్నది వాసనలో. నిమ్మ వాసన రసంలో కంటే తొక్కలోని నూనెలో ఎక్కువగా ఉంటుంది. అందుకే కేటరింగ్ పులిహోర పుల్లగా ఉంటుంది గానీ నిమ్మకాయ పులిహోరలా ఉండదు. ఆ వాసన కూడా కావాలనుకున్న బిళ్ళల కంపెనీలకు మరో దారి ఉంది. నిమ్మ వాసనలో ముఖ్యమైన భాగం సిట్రాల్ అనే పదార్థం. అది నిమ్మతొక్కలో కంటే నిమ్మగడ్డి నూనెలో ఎన్నో రెట్లు ఎక్కువ. టీలో వేసుకునే ఆ గడ్డే. కాబట్టి నిమ్మ బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నారంటే పులుపు బూజుది, వాసన గడ్డిది అయ్యే అవకాశం బాగా ఉంది. నిమ్మచెట్టుకు ఈ సంగతితో సంబంధమే ఉండకపోవచ్చు. నాకు బూజుతో పేచీ లేదు, గడ్డితోనూ లేదు. నా పేచీ అంతా పొట్లం మీది ఆ పచ్చటి ఆకుతోనే.

బూజు అనగానే మొహం చిట్లించేవాళ్ళు బిర్యానీ కూడా ఒకసారి పరిశీలించుకోవాలి. మసాలాల్లో రాతిపువ్వు అని ఒకటుంటుంది, హైదరాబాదులో పత్తర్ కా ఫూల్ అంటారు. ఒక పక్క బూడిద నలుపు, మరో పక్క తెలుపు, అంచులు ముడతలు పడి, ఎండిపోయిన చెవిలా ఉంటుంది. అది పువ్వు కాదు, ఆకు కాదు, అసలు మొక్కే కాదు. ఒక శిలీంధ్రమూ, ఒక నాచూ కలిసి కాపురం చేస్తే ఏర్పడే లైకెన్ అది. శిలీంధ్రం గూడు కడుతుంది, నాచు ఎండలో వంట చేస్తుంది. కొండ ప్రాంతాల్లో బండల మీదా, చెట్ల బెరళ్ళ మీదా పెరిగితే గీకి తెస్తారు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగదు. ఊరికే వాసన చూస్తే ఏమీ ఉండదు, మట్టి వాసన తప్ప. కాగిన నూనెలో పడ్డాకే పొగ చూరినట్టుండే ఆ పరిమళం లేస్తుంది. బిర్యానీలో ‘ఇదేదో ఉంది, ఏమిటో తెలియడం లేదు’ అనిపించే వాసన చాలాసార్లు ఇదే.

టేస్టింగ్ సాల్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను, అది చాలామందికి తెలిసిందే. 1908లో టోక్యో ఆచార్యుడు కికునే ఇకెడా సముద్రపు నాచుతో కాచిన చారులో ఆ కమ్మదనం ఎక్కడిదా అని వెతికి గ్లుటమేట్‌ను పట్టుకున్నాడు. మరుసటి ఏడే అది అజినొమొటో పేరుతో అంగళ్ళకు వచ్చింది. అప్పట్లో గోధుమ పిండిలోని మాంసకృత్తుల నుంచి తీసేవారు. 1950లలో జపాన్‌లోనే ఒక బాక్టీరియా దొరికింది, చక్కెర పెడితే గ్లుటమేట్ చేసిపెట్టేది. ఇప్పుడంతా దాని పనే, చెరకు మొలాసిస్ మీదా, కర్రపెండలం పిండి మీదా.

ఇక వెనిలా దగ్గరికి వద్దాం. కాసేపు ఇక్కడ ఆగాల్సిందే.

వెనిలా ఐస్‌క్రీం వాసన బీవర్ అనే జంతువు వెనక భాగంలోంచి తీస్తారని ఒక కబురు ఫోన్లలో చక్కర్లు కొడుతుంటుంది. ఇందులో నిజం ఆవగింజంత. ఉత్తర అమెరికా, యూరప్ నదుల్లో ఉండే ఆ బీవర్‌కు తోక మొదట్లో రెండు సంచులుంటాయి. అందులోని కాస్టోరియం అనే స్రావానికి తోలూ వెనిలా కలిసినట్టుండే వాసన ఉంది. అత్తరుల్లో వాడారు, అమెరికాలో కొన్ని తినుబండారాల్లోనూ వాడారు. కానీ అది తియ్యడం ఎంత కష్టమంటే, బజారులో దొరికే మొత్తం బహు స్వల్పం. వెనిలా వాసన వేల టన్నుల్లో కావాలి, బీవర్ల వల్ల అయ్యే పనా అది? పైగా మన దేశంలో జంతువు నుంచి వచ్చిన ఇలాంటి పదార్థం కలిపితే ప్యాకెట్ మీద పచ్చచుక్క వెయ్యడానికి వీల్లేదు. కాబట్టి నిశ్చింతగా తినండి. ఆ కబురు కంటే అసలు కథే వింతగా ఉంటుంది.

వెనిలా ఒక ఆర్కిడ్ తీగె. పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వాళ్ళు పదహారో శతాబ్దంలో దాని రుచి మరిగారు, తీగె యూరప్‌కూ, తర్వాత దీవులకూ చేరింది. తీగె బాగా పాకింది, పూలు పూసింది, కాయ మాత్రం కాయలేదు. పువ్వు ఉదయం విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది. మెక్సికోలో అయితే అక్కడి తేనెటీగలు ఆ పని చూసుకునేవి, ఈ కొత్త చోట్ల అవి లేవు. బెల్జియంలో చార్లెస్ మోరెన్ అనే ఆచార్యుడు 1836లో చేత్తో పరాగ సంపర్కం చేయించి కాయలు కాయించాడు గానీ, తోటల్లో రోజూ చేసే పనికి ఆ పద్ధతి పనికిరాలేదు.

హిందూ మహాసముద్రంలో అప్పుడు బోర్బన్ అనీ, ఇప్పుడు రీయూనియన్ అనీ పిలిచే ఫ్రెంచి దీవి ఉంది. 1820ల చివర్లో మన యానాం రేవు నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించి తీసుకుపోయింది ఆ దీవికే. అక్కడ ఒక తోటలో ఎడ్మండ్ అనే 12 ఏళ్ళ బానిస కుర్రాడు ఉండేవాడు. తల్లి లేదు, చదువు లేదు. 1841లో ఆ పిల్లవాడు ఏం చేశాడంటే, పువ్వును ఎడమచేత్తో పట్టుకుని, సన్నటి పుల్లతో లోపలున్న చిన్న నాలుకలాంటి పొరను పైకి ఎత్తాడు. పుప్పొడికీ, అది చేరాల్సిన చోటికీ మధ్య అడ్డుతెర ఆ పొరే. తెర లేవగానే బొటనవేలితో పుప్పొడిని అవతలికి నొక్కాడు. అంతే. చేయి తిరిగినవాళ్ళకు కొన్ని క్షణాల పని. యజమాని వాడిని బండెక్కించి తోట తోటకూ తిప్పి మిగతా బానిసలకు నేర్పించాడు. దీవి వెనిలాతో బాగుపడింది. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఎడ్మండ్‌కు ఆల్బియస్ అన్న ఇంటిపేరు వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. 1880లో పేదరికంలోనే పోయాడు. ఈ రోజు మడగాస్కర్‌లో, మన కేరళలో, కర్ణాటక మలెనాడులో, ఎక్కడైనా సరే, ఒక్కొక్క పువ్వునూ మనుషులు చేత్తో పట్టుకుని చేస్తున్నది ఆ కుర్రాడు చేసిన పనే.

కాయ కాసినంత మాత్రాన అయిపోలేదు. పచ్చికాయకు వాసన ఉండదు, చిక్కుడుకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నట్టే. వేడినీళ్ళలో ముంచి, కంబళ్ళలో చుట్టి చెమట పట్టించి, ఎండబెట్టి, మళ్ళీ చుట్టి, నెలల తరబడి ముద్దు చేస్తే నల్లగా ముడుచుకుని అప్పుడు గుబాళిస్తుంది. ఇంత చాకిరీకి తగ్గట్టే ధర. 2018 ప్రాంతంలో కిలో వెనిలా కిలో వెండి కంటే ఎక్కువ పలికింది. 2000 తర్వాత కొన్నేళ్ళు మడగాస్కర్ పంట దెబ్బతిని ధరలు ఆకాశానికెక్కితే, కేరళ, కర్ణాటకల్లో రైతులు ఉన్న తోటల మధ్య ఈ తీగెలు పాకించారు. ధర పడిపోయేసరికి కుదేలయ్యారు.

మరి బేకరీలో దొరికే ఎసెన్స్ సీసా అంత చవగ్గా ఎలా వస్తోంది? ప్రపంచంలో వాడే వెనిలా వాసనలో కాయల నుంచి వచ్చేది నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ వాసనకు మూలం వెనిలిన్ అనే పదార్థం. 1858లో ఫ్రాన్స్‌లో గోబ్లే అనే శాస్త్రవేత్త దాన్ని కాయల్లోంచి విడదీశాడు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు దాన్ని పైన్ చెట్టు బెరడు కింది రసం నుంచి తయారుచేశారు. మరుసటి ఏడే హోల్జ్‌మిండెన్ ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళు లవంగ నూనె నుంచి తీశారు. 1930లలో కాగితం మిల్లుల వంతు వచ్చింది. కలపను ఉడికించి కాగితం గుజ్జు తీశాక మిగిలే గోధుమరంగు మురికినీళ్ళలో లిగ్నిన్ ఉంటుంది, చెట్టుకు గట్టిదనం ఇచ్చేది అదే. దాన్ని విరగ్గొడితే వెనిలిన్ వస్తుంది. కెనడాలో థొరాల్డ్ అనే ఊళ్ళోని ఒకే ఒక్క మిల్లు 1981లో ప్రపంచానికి కావలసిన వెనిలిన్‌లో 60 శాతం ఇచ్చిందంటే నమ్మండి. కాలుష్యం భరించలేక ఆ దారి చాలాచోట్ల మూసేశారు. నార్వేలో బోర్‌గార్డ్ కంపెనీ మాత్రం ఇప్పటికీ స్ప్రూస్ కలప నుంచి తీస్తూనే ఉంది. మిగతా ప్రపంచంలో ఎక్కువ భాగం పెట్రోలియం సరుకు నుంచే.

పాత గ్రంథాలయాల్లో పుస్తకం తెరవగానే తియ్యటి వాసనొకటి వస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో పసుపుపచ్చ బారిన పుటలు తిప్పినవాళ్ళకు తెలుస్తుంది. నాసిరకం కాగితంలో మిగిలిపోయిన లిగ్నిన్ ఏళ్ళ తరబడి గాలికి విరిగి వదిలే వాసనల్లో వెనిలిన్ కూడా ఒకటి.

లిగ్నిన్ ఎక్కడుంటే అక్కడ వెనిలిన్ తియ్యొచ్చన్న మాట. గడ్డిలో లిగ్నిన్ ఉంది, ఆవు దాన్ని అరిగించుకోలేదు, అది పేడలోకి వస్తుంది. జపాన్‌కు చెందిన మయు యమమోటో పేడ నుంచి వెనిలిన్ తీసి చూపించింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2007లో ఆమెకు వచ్చింది. ఆ వెనిలిన్ ఐస్‌క్రీంలోకి చేరలేదు లెండి. చేరినా ముక్కుకు తేడా తెలిసేది కాదు.

ఇప్పుడు గిరాకీ ‘సహజం’ అన్న ముద్రకు. కాయలు కొనాలంటే ఖరీదు, పెట్రోలియం అంటే జనం ఒప్పుకోరు. మధ్యేమార్గం మన రైసుమిల్లు తవుడులో దొరికింది. తవుడులో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. తవుడు నూనె డబ్బాల మీద ఒరైజనాల్ అని గొప్పగా రాస్తారే, దానిలో భాగం అది. ఆ ఆమ్లాన్ని కొన్ని సూక్ష్మజీవులకు పెడితే వెనిలిన్‌గా మారుస్తాయి. మొక్క నుంచి వచ్చింది, జీవి చేసింది కాబట్టి అమెరికా, యూరప్ చట్టాల లెక్కలో అది సహజ వెనిలిన్. పెట్రోలియం వెనిలిన్ కంటే ఎన్నో రెట్లు ధరకు అమ్ముడుపోతుంది. అణువు అదే, వాసన అదే. ఎక్కువ డబ్బు ఇచ్చి కొంటున్నది ఆ అణువు పూర్వకథను మాత్రమే.

ఈ ఫెరూలిక్ ఆమ్లాన్ని మొట్టమొదట, 1866లో, శాస్త్రవేత్తలు ఎందులో కనిపెట్టారో తెలుసా? ఇంగువలో! ఆ పేరు కూడా ఇంగువ మొక్క శాస్త్రీయ నామం ఫెరులా నుంచి వచ్చిందే. ఐస్‌క్రీంకూ పప్పు పోపుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఎవరనుకుంటారు?

ఇంగువ అంటే తెలుగువాళ్ళకు ఎంత అలవాటో చెప్పక్కర్లేదు, ఇంగువ కట్టిన గుడ్డ అని సామెతే ఉంది. ఉల్లి వెల్లుల్లి ముట్టని ఇళ్ళల్లో, గుడి ప్రసాదం పులిహోరలో ఆ ఘాటు బాధ్యతంతా దానిదే. అయినా మొన్నమొన్నటి దాకా ఆ మొక్కను మన నేల మీద సాగు చేయలేదు. ఇరాన్, అఫ్ఘనిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల చలి ఎడారి కొండల్లో ముల్లంగిలాంటి లావుపాటి వేరున్న మొక్క అది. నాలుగైదేళ్ళు పెరగనిచ్చి, వేరు తలను మట్టి తోడి బయటపెట్టి, కత్తితో పలచగా కోస్తారు. పాలు కారి గడ్డకడతాయి. గీకి తీసుకుని, మళ్ళీ కోసి, మళ్ళీ గీకి, వారాల తరబడి అదే పని. ఏటా సుమారు 1200 టన్నుల ముడి ఇంగువ మనం దిగుమతి చేసుకుంటున్నామని లెక్క. హిమాచల్‌లో లాహౌల్ లోయలో, క్వారింగ్ గ్రామంలో, పాలంపూర్ పరిశోధన సంస్థవాళ్ళు 2020 అక్టోబరు 15న మన దేశపు తొలి ఇంగువ మొక్కను నాటారు.

ఆ వేరు పాలను అలాగే పోపులో వేస్తే ఇల్లు వదిలి పారిపోవాల్సి వస్తుంది. గంధకం కలిసిన ఘాటు అది. అందుకే మన దేశంలో దానికి తుమ్మబంక లాంటి జిగురూ, మైదా పిండో బియ్యప్పిండో కలిపి ముద్దగానో పొడిగానో చేసి డబ్బాల్లో పెడతారు. ఇది కల్తీ కాదు, చట్టం ఒప్పుకున్న పద్ధతే, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. డబ్బాలో ఎక్కువ పాలు పిండే, ఇంగువ కొద్దిగానే. గోధుమ పడనివాళ్ళు, గ్లూటెన్ తినకూడదని డాక్టరు చెప్పినవాళ్ళు చపాతీ మానేసి పప్పుచారుతో సరిపెట్టుకుంటుంటారు, ఆ చారులోకి మైదా పోపుతో పాటు వస్తోందని తెలియక. అలాంటివాళ్ళు డబ్బా వెనక్కి తిప్పి చదివి, బియ్యప్పిండితో చేసిన ఇంగువ అడిగి కొనుక్కోవాలి. ముద్ద ఇంగువ అయితే అసలుదేనని అనుకోవద్దు, అందులోనూ పిండి ఉంటుంది.